కైటోసాన్ పూత గల నానో కణాలు, జీబ్రా చేప పిండాలు: ఒక్కటీ చావకపోతే ఎదుగుదలకు హాని లేదని రాయవచ్చా?

ప్రశ్న: చిరుకెరటం

అందరికీ నమస్కారం. నేను ఔషధ వాహకాలపై పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. నీటిలో సరిగా కరగని ఒక మందును శరీరంలో కరిగిపోయే పీఎల్‌జీఏ పాలిమర్ కణాలలో నింపి, వాటి పైన కైటోసాన్ అనే ధనావేశపు పాలిమర్ పూత వేశాను. కణాల సగటు పరిమాణం 140 నానోమీటర్లు, జీటా పొటెన్షియల్ (కణం ఉపరితల ఆవేశానికి కొలత) ధన 32 మిల్లీవోల్టులు. ఈ మందు అవసరమయ్యే రోగులలో గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలు ఎక్కువ. అందువల్ల వాహకం పిండం ఎదుగుదలను దెబ్బతీస్తుందేమో ముందుగానే చూడాలని, ఎలుకల దాకా వెళ్లక మునుపు జీబ్రా చేప పిండాలతో పని మొదలుపెట్టాము.

ఫలదీకరణ జరిగిన 4 గంటలకు పిండాలను 24 గుంటల ప్లేటులో, గుంటకు ఒకటి చొప్పున, 2 మిల్లీలీటర్ల ఈ3 మాధ్యమంలో (పిండాలను పెంచే పలుచని లవణ ద్రవంలో) ఉంచి, మిల్లీలీటరుకు 10, 50, 100, 200 మైక్రోగ్రాముల గాఢతలలో కణాలను కలిపాము. ఒక్కొక్క గాఢతకు 20 పిండాలు తీసుకున్నాము. 96 గంటల దాకా ఏ గాఢతలోనూ ఒక్క పిండం కూడా చావలేదు. గుండె చప్పుడు కంట్రోల్‌లో (కణాలు కలపని పిండాలలో) ఎంత ఉందో 200 మైక్రోగ్రాముల వద్ద కూడా దాదాపు అంతే ఉంది. వెన్ను వంపు, తోక వంకర కనబడలేదు. ఒక్క తేడా మాత్రం స్పష్టంగా ఉంది. 72 గంటలకు కంట్రోల్ పిండాలలో 20కి 18 గుడ్డు పొర చీల్చుకుని బయటికి రాగా, 200 మైక్రోగ్రాముల వద్ద 5 మాత్రమే వచ్చాయి. 96 గంటలకు కూడా అక్కడ 11 దాటలేదు.

మా బృందంలో దీనిపై రెండు అభిప్రాయాలు ఉన్నాయి. చావులు లేవు, వైకల్యాలు లేవు కాబట్టి ఎదుగుదలకు సురక్షితమని రాయవచ్చని ఒకరు అంటున్నారు. పొర నుంచి బయటికి రావడం ఆలస్యమైందంటే అదే ఎదుగుదలకు జరిగిన హాని అని మరొకరు అంటున్నారు. నాకు రెండూ తొందరపాటుగానే తోస్తున్నాయి, కానీ ఎందుకో వివరించలేకపోతున్నాను. ఈ ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? తరువాత ఏ ప్రయోగం చేయాలి?

సమాధానం: గాజుతొట్టి

చిరుకెరటం గారూ, మీ తొందరపాటు అనుమానం సరైనదే. చాలా ఏళ్లుగా చేపల గదిలో పనిచేస్తున్నవాడిగా నాకు తోచింది చెబుతాను.

పిండం ఎదుగుదల ఆలస్యం కావడం వేరు, సరిగానే ఎదిగిన పిండం బయటికి రాలేకపోవడం వేరు. పిండం తనంతట తాను ఒక ఎంజైమును విడుదల చేసి కోరియాన్ అనే గుడ్డు పొరను మెత్తబరుస్తుంది, ఆ తరువాత ఒళ్లు విదిలించి దాన్ని చీలుస్తుంది. ఎంజైము పనికి అడ్డు తగిలినా, పిండం కదలిక బలహీనపడినా, పొర లోపలికి ఆక్సిజన్ సరిగా అందకపోయినా, నిజంగానే పిండం వయసు వెనకబడినా, బయటి నుంచి చూసేవారికి కనబడేది ఒకటే: పొరలో ఉండిపోయిన పిండం. జింక్ ఆక్సైడ్ నానో కణాల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. వాటి నుంచి నీటిలోకి కరిగిన జింక్ అయాన్లు పొదిగే ఎంజైమును అడ్డుకోవడం వల్ల పిల్లలు పొరలో చిక్కుకుపోతాయని తరువాత తేలింది. మీ కణాలలో లోహం లేదు కాబట్టి మీ కారణం వేరై ఉండాలి, కానీ అక్కడ నేర్చుకున్న జాగ్రత్త ఇక్కడా పనికొస్తుంది.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి, దీనికి కొత్త పరికరాలేవీ అక్కరలేదు. 200 మైక్రోగ్రాముల గుంటలో 72 గంటలు దాటినా పొరలోనే ఉన్న పిండాన్ని తీసుకుని, రెండు సన్నని పట్టకార్లతో పొరను మెల్లగా చీల్చి చూడండి. నేను ఎన్నోసార్లు చూసిన దృశ్యం ఇది: అప్పటిదాకా తోకను తల మీదుగా చుట్టుకుని ముడుచుకుపోయిన పిల్ల, పొర తొలగిన క్షణంలో ఒళ్లు చాచి, ఒక్క విదిలింపుతో పట్టకారు పక్క నుంచి జారిపోతుంది. అలా జరిగితే మీ సమస్య పొర దగ్గర ఉందే తప్ప పిండంలో లేదు. అలా కాక పిల్ల చిన్నదిగా, కళ్లు పూర్తిగా నల్లబడకుండా, తల ఇంకా సొన మీదికి వంగి ఉండి కనబడితే, అది వయసు వెనకబడిన పిండం. ఈ తేడాను కంటి అంచనాకు వదలకండి. 1995లో కిమ్మెల్ బృందం ప్రచురించిన దశల పట్టిక 28.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏ గంటకు పిండం ఎలా ఉండాలో చెబుతుంది. తలకూ మొండేనికీ మధ్య కోణం కొలిచి దానితో పోల్చండి. మీ ఇన్‌క్యుబేటర్ ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తక్కువగా ఉన్నా గంటల లెక్క మారిపోతుంది, కాబట్టి అదే ప్లేటులోని కంట్రోల్ పిండంతో పోల్చడం తప్పనిసరి.

ఇక పొరను కూడా చూడండి. ఆరోగ్యంగా ఉన్న గుడ్డు పొర సూక్ష్మదర్శిని కింద శుభ్రమైన గాజు బుడగలా, అంచు ఒకే సన్నని గీతలా కనబడుతుంది. ధనావేశం గల కణాలు పట్టుకున్నప్పుడు ఆ అంచు మసకబారి, సన్నటి బూడిద చల్లినట్టు గరుకుగా అవుతుంది. గుడ్డును పిపెట్‌తో దొర్లించినా ఆ పొడి ఊడిరాదు. జీబ్రా చేప కోరియాన్‌లోని రంధ్రాల వ్యాసం సుమారు 0.5 నుంచి 0.7 మైక్రాన్లు. 140 నానోమీటర్ల కణం కాగితం మీద ఆ రంధ్రం గుండా సులభంగా దూరిపోవాలి. అయితే మీ కణం పిండం ఉన్న నీటిలో 140 నానోమీటర్లుగానే ఉందా? మీరు చెప్పిన పరిమాణం ఏ ద్రవంలో కొలిచారో రాయలేదు. ఒక్కొక్కటిగా తేలుతున్న కణం రంధ్రంలోకి పోతుంది, గుంపు కట్టిన కణాలు దాని మీద మూతలా కూర్చుంటాయి. అప్పుడు మీ 200 మైక్రోగ్రాములలో పిండాన్ని తాకినది ఎంతో ఎవరూ చెప్పలేరు.

సమాధానం: కణరసాయనం

గాజుతొట్టి గారు ఆపిన చోటు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే జవాబు చాలావరకు మీ పూతలోనే ఉందని నా అభిప్రాయం.

కైటోసాన్‌కు ధనావేశం ఇచ్చేది దానిలోని అమైన్ సమూహాలు. వాటి పీకేఏ విలువ (సగం సమూహాలు ఆవేశం కోల్పోయే పీహెచ్) సుమారు 6.5. మీరు ధన 32 మిల్లీవోల్టులు కొలిచినది బహుశా ఎసిటిక్ ఆమ్లం మిగిలి ఉన్న, పీహెచ్ 5 దగ్గరి నీటిలో అయి ఉంటుంది. చేప పిండాలు పెరిగే మాధ్యమం పీహెచ్ 7 దాటి ఉంటుంది. అక్కడ అమైన్లలో ఎక్కువ భాగం ఆవేశం కోల్పోతాయి, పూత ముడుచుకుంటుంది, ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకునే బలం పోయిన కణాలు దగ్గరికి చేరతాయి. ఈ3లోని సోడియం క్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం లవణాలు మిగిలిన కాస్త ఆవేశాన్ని కూడా కప్పేస్తాయి. కాబట్టి శుద్ధజలంలో కొలిచిన పరిమాణం మీ ప్రయోగానికి సంబంధించినది కాదు. అదే ఈ3లో, అదే ఉష్ణోగ్రత వద్ద, కలిపిన వెంటనే, ఒక గంటకు, 24 గంటలకు డీఎల్ఎస్‌తో (కాంతి చెదరడాన్ని బట్టి కణాల పరిమాణం కొలిచే పద్ధతితో) మళ్లీ కొలవండి. గుంట అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటోందా అన్నది వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తేనే తెలిసిపోతుంది.

మీరు రాసిన దానిలో నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టినది కంట్రోళ్ల సంగతి. మీరు మాధ్యమంతో మాత్రమే పోల్చినట్టున్నారు. మందు లేని ఖాళీ కణాలు, కణాలు లేని మందు, ఈ రెండింటినీ విడివిడిగా తెచ్చి కలిపిన మిశ్రమం, మందు నింపిన కణాలు, ఇవన్నీ పక్కపక్కన ఉంటే తప్ప ఫలితం వాహకానిదో, మందుదో, రెండూ కలవడం వల్లనో తెలియదు. వీటితో పాటు చాలామంది వదిలేసే మరొక కంట్రోల్ ఉంది. కణాలను వడపోసి తీసేసిన తరువాత మిగిలే ద్రవం అది. అందులో కణాలు తప్ప తక్కినవన్నీ ఉంటాయి: స్థిరత్వానికి వాడిన పాలీవినైల్ ఆల్కహాల్, పూతకు అంటుకోని కైటోసాన్, పూర్తిగా ఎగిరిపోని డైక్లోరోమీథేన్, ఆమ్లపు శేషాలు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక వాహకం వల్ల వెన్ను వంపులు వస్తున్నాయని మూడు నెలలు నమ్మాము. వడపోసిన ద్రవాన్ని ఒక్కదాన్నే పిండాలకు ఇచ్చి చూసిన రోజున అవే వంపులు, అదే వరుసలో కనబడ్డాయి. కడగడంలో మిగిలిపోయిన సర్ఫాక్టెంట్ (సబ్బు లాంటి పదార్థం) పని అది. కణాల పేరు మీద రాసిన ఆ మూడు నెలల నోట్లన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. బంగారు నానో కడ్డీల విషయంలో సీటాబ్ అనే సర్ఫాక్టెంట్‌తో ఇదే చిక్కు వస్తుంది.

పీహెచ్‌ను ప్రయోగం చివర కూడా కొలవండి. పీఎల్‌జీఏ కరుగుతూ లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలను వదులుతుంది. ఈ3కి బఫర్ బలం, అంటే పీహెచ్ మారకుండా ఆపే శక్తి, దాదాపు లేదు, మీ గుంటలో ఉన్నది 2 మిల్లీలీటర్లే. ఆమ్లత వల్ల వచ్చిన మార్పును నానో కణాల ప్రభావంగా రాసే ప్రమాదం ఉంది. మాధ్యమంలో బూజు రాకుండా మిథిలీన్ బ్లూ కలుపుతుంటే, ఈ ప్రయోగాల వరకు మానేయండి. అది ఆవేశం గల రంగు, కణాలకు అంటుకోగలదు, ఫ్లోరోసెన్స్ చిత్రాలను కూడా చెడగొడుతుంది.

సమాధానం: మోతాదులెక్క

పైనున్న ఇద్దరూ కణం పిండాన్ని చేరిందా అని అడిగారు. చేరిందని రుజువైన తరువాత కూడా మీ ప్రయోగం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో నేను రాస్తాను. విషశాస్త్ర నివేదికలు చదివి ఆమోదించే పనిలో ఉన్నందువల్ల, "సురక్షితం" అనే మాట కనబడితే నా చేయి అక్కడే ఆగిపోతుంది.

మీరు అనుసరించిన పద్ధతి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2013లో ఆమోదించిన 236వ పరీక్షా మార్గదర్శకానికి దగ్గరగా ఉంది. అది చేప పిండాలలో తీవ్ర విషప్రభావాన్ని కొలవడానికి, అంటే చావును లెక్కించడానికి రూపొందినది. అందులో చూసేవి నాలుగే: పిండం గడ్డకట్టడం, సోమైట్లు (వెన్ను వెంట వచ్చే కండర ఖండాలు) ఏర్పడకపోవడం, తోక సొన నుంచి విడిపోకపోవడం, గుండె కొట్టుకోకపోవడం. ఆ పరీక్షలో నెగ్గడం ఎదుగుదల లోపాలు లేవనడానికి సాక్ష్యం కాదు, ఎందుకంటే దాని ప్రశ్న అది కానే కాదు. పైగా ఆ మార్గదర్శకం ప్రకారం 3,4-డైక్లోరోఅనిలీన్ అనే తెలిసిన విషాన్ని లీటరుకు 4 మిల్లీగ్రాముల గాఢతలో ఇచ్చినప్పుడు 96 గంటలకు కనీసం 30 శాతం పిండాలు చావాలి. మీరు ఆ కంట్రోల్‌ను నడిపారా? నడపకపోతే, మీ పిండాలు ఆ విడతలో విషానికి స్పందించే స్థితిలో ఉన్నాయనడానికి ఆధారం లేదు. గుడ్లను ఎప్పుడు ముంచామన్నది కూడా ముఖ్యమే. మార్గదర్శకం ఫలదీకరణ జరిగిన గంటన్నర లోపే మొదలుపెట్టమంటుంది, మీరు 4 గంటలకు మొదలుపెట్టారు. అది తప్పు కాదు, కానీ రాయాలి.

ఇప్పుడు సంఖ్యల సంగతి. 20 పిండాలలో ఒక్కటి కూడా దెబ్బతినలేదంటే, దెబ్బతినే అసలు రేటు సున్నా అని కాదు. ఆ రేటు 14 శాతం దాకా ఉన్నా కూడా, 20లో సున్నా రావడానికి దాదాపు 5 శాతం అవకాశం ఉంటుంది. 60 పిండాలలో సున్నా వస్తే ఆ పైహద్దు సుమారు 5 శాతానికి దిగుతుంది. పుట్టబోయే బిడ్డల విషయంలో 14 శాతం ఎంత పెద్ద సంఖ్యో చెప్పనక్కరలేదు. పైగా ఆ 20 పిండాలూ ఒకే జంట పెట్టిన గుడ్లైతే అవి తోబుట్టువులు, వాటిని 20 స్వతంత్ర పరిశీలనలుగా లెక్కించకూడదు. కనీసం మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు జంటల గుడ్లతో చేయండి. లెక్కించేవారికి ఏ ప్లేటులో ఏముందో తెలియకుండా సంకేత సంఖ్యలు వేయండి. గుండె చుట్టూ నీరు చేరిందా లేదా అన్నది అంచున ఉన్న పిండాలలో చూసేవారి మనసును బట్టి మారిపోతుంది. ఇది నేను నా చేతిరాతలోనే చూశాను.

96 గంటలకు ఆపడం వల్ల మీరు మరికొన్ని కోల్పోయారు. ఈత తిత్తి గాలితో నిండడం ఆ తరువాతి గంటల్లో స్థిరపడుతుంది. దవడ మృదులాస్థిని ఆల్షియన్ బ్లూ రంగుతో చూడాలన్నా, వెలుతురు చీకట్లకు పిల్లలు ఎలా కదులుతాయో చూడాలన్నా 120 గంటల దగ్గర చూడటం మేలు. అంతకు మించి వెళ్లాలనుకుంటే ముందుగా అనుమతి సంగతి చూసుకోండి. సొంతంగా ఆహారం తీసుకునే దశ నుంచి ఐరోపాలో ప్రయోగ జంతువుల రక్షణకు చేసిన 2010/63 ఆదేశం వర్తిస్తుంది, ఆ దశను సాధారణంగా 120 గంటలుగా తీసుకుంటారు.

చివరిగా, చేపకు మాయ (ప్లాసెంటా) లేదు. గర్భిణి రక్తంలోని కణం మాయను దాటి బిడ్డను చేరుతుందా అన్న ప్రశ్నకు ఏ చేప పిండమూ జవాబివ్వలేదు. 2010లో విక్ బృందం ప్రసవం తరువాత సేకరించిన మానవ మాయ గుండా పాలీస్టైరీన్ కణాలను పంపి చూసినప్పుడు 240 నానోమీటర్ల దాకా ఉన్నవి అవతలికి చేరాయి. మరుసటి ఏడాది యమషితా బృందం గర్భంతో ఉన్న చుంచెలుకల రక్తంలోకి 70 నానోమీటర్ల సిలికా కణాలను ఎక్కించినప్పుడు, అవి మాయలోనూ పిండాల కాలేయంలోనూ మెదడులోనూ కనబడ్డాయి. పిండాలు చిన్నవిగా ఉన్నాయి. 300 నానోమీటర్ల కణాలతో అలా జరగలేదు. అంతకన్నా ఆలోచింపజేసేది ఏమిటంటే, అవే 70 నానోమీటర్ల కణాల ఉపరితలాన్ని కార్బాక్సిల్ లేదా అమైన్ సమూహాలతో మార్చినప్పుడు ఆ హాని కనబడలేదు. మాయ దెబ్బతిన్నా బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది, కణం బిడ్డను తాకనక్కరలేదు. మీ చేప ప్రయోగం ఎంత బాగా జరిగినా ఈ దారి మొత్తం దాని చూపుకు బయటే ఉంటుంది.

దీనర్థం చేప పిండం పనికిరాదని కాదు. థాలిడోమైడ్ వల్ల వచ్చే అవయవలోపాలు చిట్టెలుకలలో కనబడక, కుందేళ్లలో కనబడ్డాయి. ఆ మందు సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని హాని చేస్తుందని 2010లో జపాన్ పరిశోధకులు తేల్చినప్పుడు, వారు ఆధారపడిన జీవులలో జీబ్రా చేప పిండం ఒకటి. సరైన ప్రశ్న అడిగితే అది సరైన జవాబే ఇస్తుంది. అందుకే మందుల వల్ల పిండానికి కలిగే హానిని పరీక్షించే అంతర్జాతీయ మార్గదర్శకమైన ఐసీహెచ్ ఎస్5కి 2020లో వచ్చిన సవరణ ప్రత్యామ్నాయ పరీక్షలకు చోటిచ్చింది, అయితే ఏ సందర్భానికి అర్హమో ముందుగా రుజువు చేయాలన్న షరతుతో.

ప్రతిస్పందన: చిరుకెరటం

ముగ్గురికీ కృతజ్ఞతలు. పది రోజుల్లో చేయగలిగినవి చేశాను, ఫలితాలు దాచకుండా రాస్తున్నాను.

ఈ3 మాధ్యమంలో కలిపిన గంటకే కణాల పరిమాణం 1 మైక్రాన్ దాటింది. జీటా పొటెన్షియల్ ధన 4కు పడిపోయింది. 24 గంటలకు గుంట అడుగున సన్నని తెల్లటి పొర కనబడింది. నేను ధన 32 కొలిచిన నీటి పీహెచ్ నోట్లు వెదికి చూస్తే 5.1 అని ఉంది. కణరసాయనం గారి ఊహ అక్షరాలా నిజమైంది.

మళ్లీ చేసిన విడతలో 200 మైక్రోగ్రాముల వద్ద 72 గంటలకు పొరలోనే ఉన్న 9 పిండాల పొరలు చీల్చాను. 8 వెంటనే ఈదాయి, తలకూ మొండేనికీ మధ్య కోణం కంట్రోల్ పిల్లలతో సమానంగా ఉంది. ఒక దానికి గుండె చుట్టూ కొద్దిగా నీరు ఉంది. కంట్రోల్‌లో కూడా అలాంటిది ఒకటి ఉంది. పొరల అంచులు గాజుతొట్టి గారు వర్ణించినట్టే గరుకుగా ఉన్నాయి. వడపోసిన ద్రవంలో ఉంచిన పిండాలు ఆలస్యం లేకుండా బయటికి వచ్చాయి, పీహెచ్ కూడా పెద్దగా మారలేదు. డైక్లోరోఅనిలీన్ కంట్రోల్‌లో 20కి 8 చనిపోయాయి.

అంటే నా మొదటి ప్రయోగంలో నేను పరీక్షించినది పిండాన్ని కాదు, పొరను. ఇప్పుడు పొర తీసేసి ముంచాలా, లేక కణాలను సూదితో నేరుగా ఎక్కించాలా? ఈ మందును రోగులకు నరం ద్వారా ఇవ్వాలన్నదే మా లక్ష్యం.

సమాధానం: గాజుతొట్టి

పొర తీసి ముంచినా మీ కణాలు గుంట అడుగుకే పోతాయి, ఎందుకంటే గుంపు కట్టేది నీటి వల్ల, పొర వల్ల కాదు. నరం ద్వారా ఇచ్చే మందు కాబట్టి సూదే మీకు సరైన దారి. అయితే ఎప్పుడు గుచ్చుతారన్నది బాగా ఆలోచించుకోవాలి. 48 గంటల పిండానికి రక్తప్రసరణ స్థిరపడి ఉంటుంది, తోక సిరలోకి గానీ సొన మీదుగా గుండెకు పోయే క్యువియర్ నాళంలోకి గానీ ఎక్కించవచ్చు. రోగికి ఇచ్చే దారికి ఇదే దగ్గర. కానీ అప్పటికి శరీర అక్షం, సోమైట్లు, గుండె గదుల తొలి నిర్మాణం ఏర్పడిపోయి ఉంటాయి, ఆ దశలకు కలిగే హానిని మీరు చూడలేరు. ఒక కణం దశలోనే సొనలోకి ఎక్కిస్తే మొదటి నుంచీ పిండం కణాలతోనే ఉంటుంది, కానీ సొన కొవ్వుతో నిండిన గిడ్డంగి, కొవ్వుకు మొగ్గే మందు అక్కడే ఉండిపోవచ్చు. నా సలహా రెండూ చేయమని, ఏది దేనికి జవాబిస్తుందో విడిగా రాయమని.

ఎక్కించే పరిమాణాన్ని ప్రతి సూదికీ కొలవండి. మినరల్ నూనెలో ఒక చుక్క వదిలి, మైక్రోమీటర్ స్లైడు మీద వ్యాసం చూడండి. 124 మైక్రాన్ల వ్యాసం గల చుక్క 1 నానోలీటరు, అంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గాఢతలో 1 నానోగ్రాము కణాలు. అదే చుక్క 137 మైక్రాన్లు ఉంటే అది 1.35 నానోలీటర్లు. కంటికి తేడా తెలియదు, మోతాదు మూడో వంతు పెరిగిపోతుంది. గుంపు కట్టిన కణాలు సూది మొనను మూసేస్తాయి, అప్పుడు గుచ్చిన వాటిలో కొన్నిటికి ఏమీ పోదు. అందుకే ఎక్కించే ద్రవంలో ఫినాల్ రెడ్ కాస్త కలిపి, రంగు సిరలో పరుచుకోవడం చూసిన పిండాలనే లెక్కలోకి తీసుకోండి. ఏమీ గుచ్చని పిండాలు, అదే బఫర్ మాత్రమే గుచ్చిన పిండాలు రెండూ ఉండాలి, ఎందుకంటే సూది గాయం వల్ల కూడా గుండె చుట్టూ నీరు చేరుతుంది.

సమాధానం: కణరసాయనం

గుచ్చే ముందు పూత గురించి మళ్లీ ఆలోచించండి. రక్తం పీహెచ్ 7.4. ఈ3లో జరిగినది రోగి సిరలో కూడా జరిగే అవకాశం ఉంది, అప్పుడు అది పిండం భద్రతకు మించిన సమస్య. ఆవేశం పీహెచ్‌ను బట్టి మారని ట్రైమిథైల్ కైటోసాన్ ఒక దారి, కానీ శాశ్వత ధనావేశం కణత్వచాలను గాయపరచగలదు. పామామ్ డెండ్రిమర్లలో (చెట్టు కొమ్మల్లా చీలే పాలిమర్లలో) అమైన్ చివరలు గలవి జీబ్రా చేప పిండాలకు హాని చేయగా, కార్బాక్సిల్ చివరలు గలవి చేయలేదు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత వేసి చూడటం మేలని నా ఉద్దేశం.

కణాలు ఎక్కడికి పోయాయో చూడటానికి రంగు వాడితే, రంగును పాలిమర్‌కు రసాయన బంధంతో కలపండి. ఊరికే లోపల నింపిన రంగు బయటికి కారి కొవ్వులోకి, అంటే సొనలోకి చేరుతుంది. అప్పుడు కణాలు సొనలో ఉన్నాయని మీరు రాస్తారు, నిజానికి అక్కడ ఉన్నది రంగే.

సమాధానం: మోతాదులెక్క

సిరలోకి ఎక్కించినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2018లో క్యాంప్‌బెల్, క్రోస్ తదితరులు చూపినదాని ప్రకారం, జీబ్రా చేప పిండంలోని కొన్ని సిరల గోడ కణాలు స్టాబిలిన్-2 అనే గ్రాహకం ద్వారా రుణావేశం గల నానో కణాలను రక్తం నుంచి లాగేసుకుంటాయి. మన కాలేయంలోని సైనుసాయిడ్ల (సన్నని రక్తనాళాల) గోడ కణాలు చేసే పని లాంటిదే ఇది. కాబట్టి మీరు పూత మార్చి రుణావేశం వైపు వెళితే, కణాలు తోక దగ్గరి సిరలలో పేరుకోవడం చూసి కంగారుపడకండి. అలాగని తేలిగ్గానూ తీసుకోకండి, మిగతా అవయవాలకు చేరిన మోతాదు ఆ మేరకు తగ్గుతుంది. "పిండానికి 1 నానోగ్రాము ఇచ్చాము" అని రాయండి, "పిండంలోని కణజాలం 1 నానోగ్రామును తట్టుకుంది" అని రాయకండి.

మరొక మాట. కణాల తయారీలో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ కలిసి ఉంటే చేప పిండం మీకు హెచ్చరిక ఇవ్వకపోవచ్చు, ఎందుకంటే జీబ్రా చేపలోని టీఎల్ఆర్4 గ్రాహకాలు దాన్ని మన శరీరం గుర్తించే విధంగా గుర్తించవు. ఎండోటాక్సిన్ పరీక్ష విడిగా చేయించండి, ఎలుకల దాకా వెళ్లేముందే.

ప్రతిస్పందన: చిరుకెరటం

మొదటి ప్రయోగాన్ని తీసేయకుండా, జరిగింది జరిగినట్టే సిద్ధాంత గ్రంథంలో పెడుతున్నాను. దాని కింద ఈ వాక్యం రాశాను: "ఈ3 మాధ్యమంలో కణాలు గంటలోపే 1 మైక్రాన్ దాటి గుంపు కట్టి కోరియాన్ ఉపరితలంపై పేరుకున్నాయి. ఫలదీకరణ తరువాత 4 నుంచి 96 గంటల వరకు ఈ స్థితిలో ఉంచిన పిండాలలో చావు గానీ పైకి కనబడే వైకల్యం గానీ గమనించలేదు, పొర నుంచి బయటికి రావడం మాత్రం ఆలస్యమైంది. కణాలు పిండాన్ని ఎంత మేరకు చేరాయో కొలవలేదు కనుక, ఎదుగుదలపై వాటి ప్రభావం గురించి ఈ ప్రయోగం నుంచి నిర్ణయానికి రాలేము." మా మార్గదర్శి చదివి, చివరి వాక్యాన్ని ముందుకు తెమ్మన్నారు, తెచ్చాను.

పాలీఇథిలీన్ గ్లైకాల్ పూతతో కొత్త విడత కణాలు తయారవుతున్నాయి. ఈసారి పిండాల జోలికి వెళ్లకముందే ఈ3లోనూ, ఎక్కించే బఫర్‌లోనూ 24 గంటల పాటు పరిమాణం కొలుస్తాను. అక్కడ నిలబడితేనే మూడు జంటల గుడ్లకు ఏర్పాటు చేస్తాను.